భీమిలి, అరకు వైపు కారులో ఎనిమిది రోజులు – అమ్మతో, బాబుతో. ప్లాన్ చూసి చెప్పండి

పాలపిట్ట
శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. డిసెంబర్ రెండో వారంలో ఎనిమిది రోజులు సెలవు దొరికింది. హైదరాబాద్ నుంచి కారులో విశాఖ వైపు వెళ్దామనుకుంటున్నాం. నేను, మావారు, తొమ్మిదేళ్ల బాబు, మా అమ్మ. అమ్మకి 68. చదునుగా ఉన్నచోట ఎంతసేపైనా నడుస్తుంది గానీ మెట్లంటే మోకాళ్ళు సహకరించవు. కారు చిన్న పెట్రోలు బండి, సీవీటీ ఆటోమేటిక్. నడిపేది ఎక్కువగా నేనే. మావారికి రాత్రిపూట ఎదురు లైట్లు పడవు.

నేను వేసుకున్న ప్లాన్: మొదటి రోజు తెల్లవారుజామున బయల్దేరి రాత్రికి విశాఖ. రెండో రోజు సబ్‌మెరైన్, కైలాసగిరి, సింహాచలం. మూడో రోజు బొర్రా, అరకు చూసుకుని రాత్రికి వెనక్కి. నాలుగో రోజు లంబసింగి. ఐదో రోజు అరసవల్లి, శ్రీకూర్మం. ఆరో రోజు రుషికొండ, తొట్లకొండ, భీమిలి. ఏడో రోజు అన్నవరం, కాకినాడ. ఎనిమిదో రోజు ఇల్లు.

హోటళ్లు ఇంకా బుక్ చేయలేదు. ఇది కుదిరే పనేనా? ఘాట్ రోడ్డు మీద నేనెప్పుడూ నడపలేదు. అదొక్కటే టెన్షన్.

ఘాట్‌బండి
శనివారం, రాత్రి 10:05

అమ్మా, నేను ఎస్. కోట (శృంగవరపుకోట), అరకు మధ్య చాలా ఏళ్లుగా బండి నడుపుతున్నాను. మీ ప్లాన్‌లో మూడో రోజూ నాలుగో రోజూ నడవవు.

విశాఖ నుంచి అరకు 115 కి.మీ. దాకా ఉంటుంది. ఫోన్‌లో చూస్తే మూడు, మూడున్నర గంటలు చూపిస్తుంది. అది ఎక్కడా ఆగనివాళ్ల లెక్క. పిల్లాడున్నాడు, అమ్మగారున్నారు, ఎస్. కోటలో టిఫిను, అనంతగిరి దగ్గర కాఫీ, వ్యూ పాయింట్ దగ్గర ఫోటోలు... అయిదు గంటలు వేసుకోండి. బొర్రా చూడ్డానికి ఇంకో రెండు గంటలు. డిసెంబర్‌లో మాకు అయిదున్నరకల్లా పొద్దు గూకేస్తుంది. అంటే మొదటిసారి ఘాట్ నడిపే మీరు చీకట్లో, మంచులో కిందికి దిగుతారు. ఆ పని మాత్రం చేయకండి. కొండమీద ఒక రాత్రి ఉండండి.

లంబసింగి అసలు ఇటు కాదు. నర్సీపట్నం, చింతపల్లి దారి. అక్కడి మంచు చూడాలంటే తెల్లారేసరికి అక్కడుండాలి. దాన్ని ఈసారికి వదిలేయండి.

లాంతరు
శనివారం, రాత్రి 10:31

అరసవల్లి కూడా ఆలోచించండి. మీరు దేవుడి దర్శనానికే వెళ్తున్నట్టయితే సరే, ఏ రోజైనా మంచిదే. సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడే దృశ్యం కోసమైతే అది మార్చిలోనూ అక్టోబర్‌లోనూ కొద్ది రోజులే ఉంటుంది. డిసెంబర్‌లో కనబడదు. చాలామంది అది తెలియక అంత దూరం వచ్చి నిరాశపడతారు. విశాఖ నుంచి రానూపోనూ 200 కి.మీ. పైమాటే.

ఇంకొకటి: జలాంతర్గామి మ్యూజియానికి సోమవారం సెలవు. 'కురుసుర' 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా పనిచేసిన నిజమైన జలాంతర్గామి. తొమ్మిదేళ్ల పిల్లాడికి అది చూడకపోతే విశాఖ వచ్చినట్టే ఉండదు. లోపల తలుపులు గుండ్రటి రంధ్రాల్లాంటివి, కాలెత్తి దాటాలి, తల వంచాలి. అమ్మగారిని బయట బెంచీ మీద కూర్చోబెట్టి మీరు వెళ్ళిరండి.

రెండుజడలు
శనివారం, రాత్రి 10:48

మొదటి రోజు సంగతి ఎవరూ చెప్పలేదేం? హైదరాబాద్ నుంచి విశాఖకి 620 కి.మీ. దాకా ఉంటుంది. ఒక్కరే డ్రైవరు, అదీ పగలు మాత్రమే. రాజమండ్రిలో ఆగండి. గోదావరి గట్టున సాయంత్రం గడిపి, హాయిగా నిద్రపోయి, మర్నాడు పొద్దున్నే బయల్దేరితే మిగిలేది 190 కి.మీ. అన్నవరం ఆ దారిలోనే వస్తుంది కాబట్టి దానికోసం వేరే రోజు పెట్టుకోనక్కర్లేదు. తిరుగు ప్రయాణంలోనూ ఇదే పద్ధతి. మేం ఇద్దరు పిల్లలతో రెండుసార్లు ఇలాగే వెళ్ళాం.

ఛార్జింగ్‌చక్రం
ఆదివారం, ఉదయం 7:12

రాజమండ్రి వైపు నుంచి భీమిలి వెళ్ళేవాళ్ళు విశాఖ సిటీలోకి దూరాల్సిన పని లేదు. అనకాపల్లి దగ్గర సబ్బవరం, పెందుర్తి మీదుగా ఆనందపురం వెళ్ళే ఆరు వరుసల బైపాస్ ఉంది. సుమారు 50 కి.మీ. గాజువాక, ఎన్‌ఏడీ ట్రాఫిక్ మొత్తం తప్పుతుంది. ఆనందపురం నుంచి తగరపువలస, అక్కడినుంచి కుడివైపుకి తిరిగితే భీమిలి. ఫాస్టాగ్‌లో డబ్బులు చూసుకోండి.

మాది ఎలక్ట్రిక్ కారు. అరకు ఎక్కేటప్పుడు బ్యాటరీ గబగబా తగ్గిపోతుంటే భయమేస్తుంది, దిగేటప్పుడు కొంత తిరిగొస్తుంది. మీది పెట్రోలు కాబట్టి ఆ బాధ లేదు గానీ ఎస్. కోటలోనే ట్యాంకు నింపుకోండి, టైర్లలో గాలి చూపించుకోండి.

స్టేషన్‌గంట
ఆదివారం, ఉదయం 8:20

అందరూ కారులో అరకు అంటున్నారు. నేను వేరే మాట చెబుతాను. అరకు రైల్లో వెళ్ళండి. కొత్తవలస – కిరండూల్ లైను మీద యాభైకి పైగా సొరంగాలు ఉన్నాయి. 2017 నుంచి అద్దాల కప్పున్న విస్టాడోమ్ పెట్టె వేస్తున్నారు. కొండల్ని కోసుకుంటూ రైలు వెళ్తుంటే పిల్లాడు ప్రతి సొరంగంలో కేకలు పెడతాడు. కారులో వెళ్తే డ్రైవరు ఏం చూస్తారు? ముందున్న లారీ వెనక రాసిన అక్షరాలు తప్ప! అన్నిటికన్నా ఎక్కువ కష్టపడేది పాలపిట్ట గారు, అన్నిటికన్నా తక్కువ చూసేది కూడా ఆవిడే.

రెండుజడలు
ఆదివారం, ఉదయం 9:02

ఈ మాట నాకు బాగా తగిలింది. మా ఇంట్లో కూడా అంతే, నేను నడుపుతాను, ఫోటోలన్నిట్లో నా వీపే ఉంటుంది. కానీ రైలు పొద్దున్నే విశాఖలో ఎక్కాలి. భీమిలిలో దిగినవాళ్ళు చీకటితో లేచి 30 కి.మీ. వెళ్ళి, కారు పార్కింగ్‌లో పెట్టి... పెద్దావిడతో కష్టమే. పైన తిరగడానికి మళ్ళీ జీపు మాట్లాడుకోవాలి. విశాఖలో దిగేవాళ్ళకి రైలు, భీమిలిలో దిగేవాళ్ళకి కారు.

గోస్తనిఒడ్డు
ఆదివారం, ఉదయం 11:15

నేను భీమిలిలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పాను. ఇప్పుడు విశ్రాంతి. అమ్మా పాలపిట్టా, నీ ప్లాన్ చదివాను. ఊళ్ళ పేర్లు చాలా ఉన్నాయి, వాటిని కలిపే దారం లేదు. నేనొక దారం ఇస్తాను, నచ్చితే పట్టుకో.

మా ఊరి దగ్గర సముద్రంలో కలిసే నది పేరు గోస్తని. అది పుట్టేది అనంతగిరి కొండల్లో. బొర్రా గుహల్లోంచి వస్తుంది. ఆవు గుహలో పడిపోయిందనీ, వెతుక్కుంటూ వెళ్ళిన కాపరికి లోపల శివలింగం, దాని మీద ఆవు ఆకారంలో రాయి కనిపించాయనీ, ఆ పొదుగులోంచి కారిన ధారే ఈ నది అనీ అక్కడివాళ్ళు చెబుతారు. గో స్తనం అంటే ఆవు పొదుగే కదా. ఆ నీళ్ళు కొండ దిగి తాటిపూడి జలాశయంలో ఆగుతాయి. ఆ ఆనకట్ట 1960ల్లో కట్టారు. విశాఖ నగరం తాగే నీళ్ళలో కొంత అక్కడినుంచే వస్తుంది. అక్కడినుంచి జామి, పద్మనాభం, తగరపువలస, మూతపడిన చిట్టివలస జూట్ మిల్లు దాటి మా దగ్గర సముద్రంలో పడుతుంది.

నువ్వు భీమిలిలో రెండు రాత్రులు ఉండు. మూడో రోజు ఆ నదిని పట్టుకుని పైకి వెళ్ళు. దారిలో పద్మనాభం వస్తుంది. కొండ మీది అనంత పద్మనాభస్వామి గుడికి వెయ్యికి పైగా మెట్లున్నాయి, అమ్మగారికి వద్దు. కొండ కింద కుంతీమాధవస్వామి గుడి ఉంది, అక్కడ కూర్చోవచ్చు. 1794 జూలై 10న విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి చనిపోయింది ఈ పద్మనాభంలోనే. బాబుకి ఆ నేల మీద నిలబెట్టి చెప్పు, పుస్తకంలో చదివిన దానికన్నా గుర్తుంటుంది. తర్వాత తాటిపూడి దగ్గర గట్టు మీద కాసేపు. ఎస్. కోటలో భోజనం. మధ్యాహ్నం ఘాట్ ఎక్కి పొద్దుండగానే అరకు. మర్నాడు బొర్రా.

భీమిలి నుంచి అరకు ఇలా వెళ్తే 120 కి.మీ. అటూ ఇటూ. సముద్రంలో కలిసే చోటు ముందు చూసి, పుట్టే చోటు తర్వాత చూస్తారు. నా దగ్గర చదివిన పిల్లల్ని ఎన్నోసార్లు అలా తీసుకెళ్ళాలనుకున్నాను. బస్సు ఖర్చు కుదరక ఒక్కసారే కుదిరింది.

పాలపిట్ట
ఆదివారం, మధ్యాహ్నం 1:30

మాస్టారూ, మీ పోస్టు అమ్మకి చదివి వినిపించాను. "ఇన్ని ఊళ్ళెందుకే, ఆ నది చూద్దాం" అంది. అయిపోయింది, లంబసింగి, శ్రీకూర్మం, కాకినాడ తీసేశాను. అరసవల్లి ఇంకోసారి.

ఇప్పుడు ఇలా అనుకుంటున్నాం: రాజమండ్రిలో ఒక రాత్రి, అన్నవరం మీదుగా భీమిలి, అక్కడ రెండు రాత్రులు, అరకులో ఒకటి, విశాఖలో రెండు, వచ్చేటప్పుడు రాజమండ్రి. భీమిలిలో ఒక పూర్తి రోజు ఉంటుంది. ఏం చూడాలి? బాబుకి సముద్రంలో ఆడాలనుంది. కారు ఇసుక మీదికి తీసుకెళ్ళి ఫోటో దిగాలని కూడా పట్టుబడుతున్నాడు.

ఉప్పుగాలి
ఆదివారం, మధ్యాహ్నం 2:10

కారు ఇసుక మీదికి వద్దు. దయచేసి వద్దు. నేను చేశాను కాబట్టి చెబుతున్నాను.

మూడేళ్ళ క్రితం మంగమారిపేట దాటాక రోడ్డు పక్కన బండి జాడ ఒకటి కనిపించింది. తడి ఇసుక గట్టిగానే ఉందనుకుని కారు దింపాను. ఇరవై అడుగులు బాగానే వెళ్ళింది. మలుపు తిప్పగానే ముందు చక్రాలు దిగబడ్డాయి. భయంతో యాక్సిలరేటర్ తొక్కాను. తొక్కిన కొద్దీ చక్రం తన గొయ్యి తనే తవ్వుకుంది, ఐదు నిమిషాల్లో కారు కడుపు ఇసుకకి ఆనింది. పోటు మీద ఉన్న సమయం. అల ఒకటొచ్చి వెనక టైరు తడిపి వెళ్ళింది, ఆ తర్వాతది ఇంకో అడుగు పైకొచ్చింది. నా భార్య పిల్లని ఎత్తుకుని రోడ్డు మీద నిలబడి ఏడుస్తోంది.

వలలు బాగుచేసుకుంటున్న నలుగురు పరిగెత్తుకొచ్చారు. ముందు నన్ను ఇంజను ఆపమన్నారు. చేతులతో చక్రాల ముందు ఇసుక తోడేశారు, ఏటవాలుగా. తాటి మట్టలు తెచ్చి టైర్ల కింద వేశారు. టైర్లలో గాలి సగం తీసేయమన్నారు. అప్పుడు పడవ తాడు కట్టి, "మెల్లగా, మెల్లగా" అంటూ లాగారు. బయటికొచ్చాక డబ్బులివ్వబోతే పెద్దాయన తీసుకోలేదు, "పిల్లకి నీళ్ళు పట్టు ముందు" అన్నాడు. ఆ తర్వాత గాలి కొట్టించుకోడానికి నడిపినంత దూరం నత్తనడకే.

ఇంకో సంగతి తర్వాత తెలిసింది. జనవరి నుంచి మార్చి దాకా ఆ ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి. కారు చక్రం కింద ఏం నలుగుతుందో పైనుంచి కనబడదు.

రోడ్డు మీద కారు ఆపి, వెనక సముద్రం కనబడేలా ఫోటో తీయండి. చాలా బాగుంటుంది.

లాంతరు
ఆదివారం, సాయంత్రం 4:45

నీళ్ళ సంగతి నేను చెబుతాను. ఈ తీరం చూడ్డానికి మెత్తగా ఉంటుంది కానీ లోపలికి లాగే ఈడ్పు చాలాచోట్ల ఉంది. ఆర్కే బీచ్, రుషికొండ, యారాడ, భీమిలి, అన్నిచోట్లా ప్రాణాలు పోయాయి. అలలు విరగకుండా నున్నగా కనిపించే పాయ ఉంటే అదే ఈడ్పు ఉండే చోటు కావచ్చు. పిల్లలకి అదే ప్రశాంతంగా కనబడి అటే వెళ్తారు. ఈడ్పులో చిక్కినవాళ్ళు ఒడ్డుకి ఎదురీదకూడదు, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది బయటపడాలి. నది సముద్రంలో కలిసే చోట అసలే దిగవద్దు, కింద ఇసుక ఎప్పుడు జారుతుందో తెలియదు. బాబుని ఆడించాలంటే రుషికొండ మేలు. 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రంగా, భద్రంగా ఉండే బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చిన బీచ్, కాపలా సిబ్బంది ఉంటారు. అయినా చెయ్యి వదలకండి.

ఇక భీమిలి నుంచి విశాఖ దాకా బీచ్ రోడ్డు 25–30 కి.మీ. అంతే, కానీ అందులో రోజంతా గడపవచ్చు. ఎర్రమట్టి దిబ్బలు పొద్దున్నే చూడండి. ఇనుము ఆక్సైడు పట్టిన ఇసుక అది, వానలు కోసిన గాడులు చెట్టు కొమ్మల్లా చీలిపోయి ఉంటాయి. మన దేశంలో ఇలాంటివి తమిళనాడులో ఉన్నాయి, మళ్ళీ శ్రీలంకలో ఉన్నాయి. భూవైజ్ఞానిక వారసత్వ స్థలం. అంచులు ఎక్కి దూకితే మట్టి పెళ్ళలుగా రాలుతుంది, బాబుకి ముందే చెప్పండి.

తొట్లకొండ మీదికి కారు వెళ్తుంది, కాబట్టి అమ్మగారికి ఇబ్బంది లేదు. 1976లో నౌకాదళం వాళ్ళు స్థావరం కోసం విమానంలో సర్వే చేస్తుంటే అక్కడ బౌద్ధ శిథిలాలున్నాయని బయటపడింది. రాతిలో తొలిచిన నీటి తొట్లు ఉన్నాయి కాబట్టి తొట్లకొండ. పక్కనున్న బావికొండకి బావుల వల్ల ఆ పేరు. రెండు వేల ఏళ్ళ క్రితం భిక్షువులు కొండ మీద వాననీళ్ళు ఎలా దాచుకున్నారో ఆ తొట్లని చూస్తే అర్థమవుతుంది. అక్కడినుంచి సముద్రం చూస్తే, ఓడలెక్కి వచ్చే సన్యాసులకి ఈ కొండే ఎందుకు నచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు.

గోస్తనిఒడ్డు
ఆదివారం, సాయంత్రం 6:20

భీమిలిలో డచ్చివాళ్ళ సమాధులు మరచిపోకండి. 17వ శతాబ్దంలో వాళ్ళు ఇక్కడ వర్తకం చేశారు. స్తంభాల్లాంటి సమాధుల మీద అక్షరాలు ఉప్పుగాలికి అరిగిపోతున్నాయి. దీపస్తంభం, గడియార స్తంభం అన్నీ నడిచే దూరంలోనే. మా ఊరు 1861లోనే మునిసిపాలిటీ. ఇప్పుడు విశాఖ కార్పొరేషన్‌లో కలిపేశారు, ఆ బాధ మా తరానికి పోదు.

తెల్లవారి ఆరింటికి ఒడ్డుకి వెళ్ళండి. వేటకెళ్ళిన పడవలు వచ్చే వేళ. వల లాగుతున్నప్పుడు పక్కకి జరిగి నిలబడండి, ఫోటో తీసేముందు అడగండి. అడిగితే నవ్వుతూ నిలబడతారు.

కొత్తలైసెన్స్
ఆదివారం, రాత్రి 8:05

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. నాకు లైసెన్సు వచ్చి ఐదు నెలలు. మేమూ అరకు వెళ్దామనుకుంటున్నాం. నేను నడపవచ్చా? ఇంకో ప్రశ్న: రైల్లో వచ్చి విశాఖలో సెల్ఫ్ డ్రైవ్ కారు తీసుకుంటే మంచిదా?

ఘాట్‌బండి
ఆదివారం, రాత్రి 9:10

బాబూ, ఎక్కేటప్పుడు పక్కన అనుభవమున్న మనిషి ఉంటే నడుపు. దిగేటప్పుడు ఆ మనిషికే ఇచ్చెయ్. ఎక్కడం ఎవరైనా ఎక్కుతారు. ప్రమాదాలన్నీ దిగేటప్పుడే.

పాలపిట్ట గారికి కూడా ఇదే చెబుతున్నాను. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగాలని మా గురువు చెప్పేవాడు. మాన్యువల్ బండికి రెండో గేరు, కొన్ని మలుపుల దగ్గర మొదటిది. మీ సీవీటీలో డీ లోనే వదిలేసి బ్రేకు మీద కాలు ఆన్చి దిగితే పది కిలోమీటర్లకి కాలిన వాసన వస్తుంది. అది బ్రేకు ప్యాడ్ల వాసన. ఆ తర్వాత తొక్కినా బ్రేకు పట్టదు. గేరు లివరు దగ్గర ఎల్ అని గానీ ఎస్ అని గానీ ఉంటుంది, లేదా స్టీరింగ్ వెనక చిన్న రెక్కలు ఉంటాయి. దిగడం మొదలుపెట్టకముందే అందులో వేయండి. ఇంజను గట్టిగా అరుస్తుంది, భయపడకండి, అదే బండిని పట్టుకుంటోంది. బ్రేకు ఒక్కసారి గట్టిగా నొక్కి వదలాలి, అలా నొక్కి పట్టుకోకూడదు. న్యూట్రల్‌లో దిగితే పెట్రోలు మిగులుతుందని ఎవరైనా చెబితే వినకండి.

ఇరుకు చోట పైకెక్కే బండికి దారివ్వాలి, ఎందుకంటే ఆగితే మళ్ళీ లాగడం వాళ్ళకే కష్టం. మలుపుకి ముందు హారన్. మలుపులో ఓవర్‌టేక్ వద్దు, వెనకవాడు ఎంత లైట్లు కొట్టినా సరే, పక్కన చోటు దొరికినప్పుడు ఆగి వాణ్ణి పోనివ్వండి. మీ వెనక బండి ఉంటే సిగ్గేం లేదు. పొద్దున్న మంచు దట్టంగా ఉంటే తొమ్మిది దాకా కాఫీ తాగుతూ కూర్చోండి. ఘాట్‌లో చాలాచోట్ల సిగ్నల్ పోతుంది, మ్యాపు ముందే దించుకోండి.

ఉప్పుగాలి
ఆదివారం, రాత్రి 9:40

అద్దె కారు గురించి: ఒక సంస్థ దగ్గర తీసుకున్నాను, తిరిగిచ్చేటప్పుడు కింద బంపరుకి ఉన్న పాత గీత నాదే అని డిపాజిట్‌లో కోత పెట్టారు. అప్పటినుంచి తీసుకునే ముందు బండి చుట్టూ తిరిగి, వంగి కింద కూడా, స్టెప్నీ, జాకీతో సహా వీడియో తీస్తున్నాను. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటేనే సెల్ఫ్ డ్రైవ్‌కి అనుమతి ఉన్న బండి. తెల్ల ప్లేటు బండిని అద్దెకిస్తానంటే తీసుకోకండి, ఏదైనా జరిగితే బీమాతో చిక్కు.

రెండుజడలు
ఆదివారం, రాత్రి 10:15

బాబుకి మలుపుల్లో వాంతులవుతాయా? మా చిన్నదానికి అవుతాయి. ఎక్కడానికి ముందు నూనె టిఫిన్లు పెట్టకండి, ఖాళీ కడుపూ వద్దు. వెనక సీటు మధ్యలో కూర్చోబెట్టి దూరంగా రోడ్డు చూడమనండి. ఫోన్ ఇవ్వకండి, తల వంచి తెర చూస్తే ఐదు నిమిషాల్లో మొదలవుతుంది. మాత్ర వేయాలనుకుంటే డాక్టరుని ముందే అడగండి, బయల్దేరాక వేస్తే ఉపయోగం ఉండదు.

బొర్రా దగ్గర కోతులుంటాయి. చేతిలో సంచి కనబడితే లాక్కుంటాయి. కారు అద్దాలు పూర్తిగా ఎత్తండి.

స్టేషన్‌గంట
సోమవారం, ఉదయం 6:50

రైలు గురించి నా మాట వెనక్కి తీసుకోను గానీ, మాస్టారి నది మాట విన్నాక కారుకే ఓటు వేస్తున్నాను. ఒక్క కోరిక. బొర్రాలో ఉన్నప్పుడు రైలు శబ్దం వినబడితే ఆగండి. పట్టాలు ఆ గుహల పైనుంచే వెళ్తాయి.

పాలపిట్ట
డిసెంబర్ 20, రాత్రి 8:30

వచ్చేశాం. ముందు అందరికీ దణ్ణాలు. ఆలస్యమైనా రాయాలనిపించింది, ఎందుకంటే మీరు చెప్పిన ప్రతిదీ వాడుకున్నాం.

రాజమండ్రిలో ఆగడం వల్ల రెండో రోజు నేను అలిసిపోకుండా ఉన్నాను. అన్నవరంలో రద్దీ ఎక్కువై గంటన్నర పట్టింది, అయినా బైపాస్ పుణ్యమా అని మూడింటికల్లా భీమిలి చేరాం. ఆ సాయంత్రం ఏమీ చూడలేదు. గోస్తని సముద్రంలో కలిసే వైపు వెళ్ళి కూర్చున్నాం. నీటి రంగు ఎక్కడ మారుతుందో పట్టుకోవాలని బాబు చాలాసేపు చూశాడు.

మర్నాడు ఆరింటికి ఒడ్డుకి వెళ్ళాం. ఒక పడవ వచ్చింది. వల విప్పుతున్న ఆవిడ వేళ్ళు ఎంత వేగంగా కదులుతాయో! చేపని మొప్పల దగ్గర పట్టి తిప్పి లాగితే వల తెగకుండా ఊడి వస్తుంది. బాబు ఒకటి ప్రయత్నించాడు, దారం మెలిపడిపోయింది. ఆవిడే నవ్వి విప్పుకుంది. ఎర్రమట్టి దిబ్బలు ఎనిమిదింటికి, తొట్లకొండ పదింటికి. అమ్మ అక్కడ తొట్టి అంచున కూర్చుని లేవనంది. డచ్చివాళ్ళ సమాధుల దగ్గర ఒక పలక మీద పేరు మాత్రం చేత్తో తడిమితే తెలుస్తోంది, కంటికి కనబడడం లేదు.

నది దారి గురించి. పద్మనాభంలో కింది గుడి దగ్గర అమ్మా నేనూ కూర్చున్నాం, మావారూ బాబూ కొండెక్కారు. మెట్లు ఎక్కుతూ లెక్కపెట్టారు, నాలుగు వందల దగ్గర తండ్రికి ఆయాసమొచ్చి లెక్క తప్పింది. తాటిపూడిలో నీళ్ళు నిండుగా ఉన్నాయి, గాలి చల్లగా ఉంది. అక్కడే పులిహోర తిన్నాం. మాస్టారూ, ఎస్. కోట భోజనం ప్లాన్ మాత్రం అందువల్ల కుదరలేదు.

ఘాట్: రెండున్నరకి మొదలుపెట్టాను. మొదటి పది మలుపులూ చేతులు చెమట పట్టాయి. తర్వాత లయ దొరికింది. నా వెనక రెండు జీపులు లైట్లు కొడుతుంటే ఘాట్‌బండి గారి మాట గుర్తొచ్చి పక్కకి ఆపి పంపేశాను. కాఫీ తోటల మీద మధ్యాహ్నపు ఎండ పడుతుంటే మావారు "ఇప్పుడు నువ్వు చూడు, నేను నడుపుతాను" అన్నారు. చివరి 15 కి.మీ. ఆయనే నడిపారు, పగలే కాబట్టి. స్టేషన్‌గంట గారూ, మీరన్నది నిజం, పక్క సీట్లోంచి అది వేరే దారి. అరకులో బొంగులో చికెన్ తిన్నాం, చలికి ఆ ఆవిరి హాయిగా అనిపించింది.

బొర్రాలో అమ్మ గేటు నుంచి గుహ నోటి దాకా నా భుజం పట్టుకుని దిగింది. అది చాలంది. లోపలి చల్లదనం అక్కడికే తెలుస్తుంది. మేం లోపలికి వెళ్ళొచ్చేసరికి చుట్టూ ముగ్గురు ముసలమ్మల్ని పోగేసి కూర్చుని ఉంది, శ్రీకాకుళం వాళ్ళట. పైకి ఎక్కడానికి ఇరవై నిమిషాలు పట్టింది, రెండు మెట్లకోసారి ఆగుతూ. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళని తీసుకెళ్ళేవారు పైకి రావడానికి టైము ఎక్కువ పెట్టుకోండి. దిగడం చూసి మోసపోకండి. రైలు రాలేదు. నీళ్ళు రాతిమీద పడే చప్పుడు ఒక్కటే ఉంది. బాబు ఆ చుక్కలు పడేచోట చెయ్యిపెట్టి, "ఇది మొన్న మనం చూసిన నీళ్ళేనా?" అన్నాడు. "ఇవి ఇంకా అక్కడికి వెళ్ళాలి" అన్నాను.

దిగేటప్పుడు ఎస్ లో వేశాను. ఇంజను అరిచింది. బ్రేకు వాసన రాలేదు. కానీ ఎస్. కోట చేరాక దిగి చూస్తే ముందు చక్రాల దగ్గర వేడిగా అనిపించింది. అది మామూలేనా, చూపించాలా?

ఘాట్‌బండి
డిసెంబర్ 20, రాత్రి 9:02

మామూలే అమ్మా. ఘాట్ దిగాక ఏ బండికైనా వేడి ఉంటుంది. ఆ వేడి మీద నీళ్ళు మాత్రం కొట్టించకండి, డిస్కు వంకర పోతుంది. బ్రేకు తొక్కినప్పుడు పెడల్ అదిరినా, గీరుకున్న చప్పుడొచ్చినా అప్పుడు చూపించండి. సముద్రం పక్కన మూడు రోజులు తిప్పారు కదా, ఈ ఆదివారం బండి కింద భాగం మంచినీళ్ళతో కడిగించండి. ఉప్పు ఉండిపోతే తుప్పు పడుతుంది.

గోస్తనిఒడ్డు
డిసెంబర్ 21, ఉదయం 6:15

బాబు అడిగిన ప్రశ్న మా ఆవిడకి రెండుసార్లు చదివి వినిపించాను. ఈసారి వానాకాలం చివర్లో రండి, అక్టోబర్ తుఫాన్ల ముందు. తాటిపూడి గేట్లు ఎత్తితే తగరపువలస వంతెన మీంచి నది చూడాలి. మా ఇంట్లో దిగుదురు గాని, మెట్లు లేవు.